ఆండీ వాళ్ళ నాన్న ఏమయ్యాడు?

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్ళు, ఆరో తరగతి చదువుతున్నాడు. మావారు పోయి నాలుగేళ్ళయింది. బొమ్మలు లేచి మాట్లాడే 'టాయ్ స్టోరీ' యానిమేషన్ సినిమాలంటే వీడికి ప్రాణం. ఈమధ్య యూట్యూబ్‌లో ఒక వీడియో చూశాడు. ఆ బొమ్మలతో ఆడుకునే పిల్లాడు ఆండీ ఉన్నాడే, వాళ్ళ నాన్నకి చిన్నప్పుడు పోలియో వచ్చిందనీ, ఉడీ అనే కౌబాయ్ బొమ్మ అసలు ఆయనదేననీ, ఆయన చనిపోయే ముందు దాన్ని కొడుక్కి ఇచ్చాడనీ అందులో చెప్పారట. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా వీడిదే కథ. మొన్న మా మరిది కొడుకు (ఇంజనీరింగ్ చదువుతున్నాడు) ఫోన్‌లో ఏదో తీసి చూపించి, "అదంతా ఫేక్ రా, సినిమా తీసినాయనే చెప్పాడు. ఈ థియరీలన్నీ చెత్త" అన్నాడు. వీడు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఆ సినిమా ఊసే ఎత్తడం లేదు. రాత్రిళ్ళు నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు, నేను దగ్గరికి వెళ్తే మూసేస్తాడు. ఆ కథ నిజమేనని చెప్పేస్తే వాడు మామూలుగా అవుతాడా? ఇలాంటి వీడియోలు ఆపేయాలా? ఆ నోట్‌బుక్ తీసి చదవనా? - ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు:

అమ్మా, మీ మరిదిగారి అబ్బాయి అబద్ధం చెప్పలేదు. కాకపోతే విన్న మాటను ఉండాల్సినదానికంటే పెద్దది చేశాడు. 2017లో ఈ పోలియో కథ పాకినప్పుడు, మొదటి సినిమా రచయితల్లో ఒకరైన ఆండ్రూ స్టాంటన్ ట్విట్టర్‌లో ఇదంతా కట్టుకథ, ఇక్కడ చూడ్డానికేమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండి అన్నట్టు కొట్టిపారేశారు. ఆయన కొట్టిపారేసింది దేన్నో చూడండి. ఆ సినిమాలు తీసిన పిక్సార్ కంపెనీవాళ్ళు లోపల ఇలాంటి కథ అనుకున్నారన్న మాటని. ఆండీ వాళ్ళ నాన్న బతికే ఉన్నాడని ఆయన చెప్పలేదు, పోయాడనీ చెప్పలేదు. 1995 నుంచి 2019 దాకా నాలుగు సినిమాలు వచ్చాయి. వాటిలో ఆ తండ్రి ఎక్కడా కనిపించడు. ఏమయ్యాడో తల్లి చెప్పదు, ఆండీ అడగడు. అంటే "ఆండీకి కూడా నాన్న లేడు" అని మీ బాబు అనుకుంటున్నాడు చూడండి, ఆ మాటను ఎవరూ అబద్ధం చేయలేదు. పోలియో, ఆ కథలో వచ్చే పెట్టె, తాళంచెవి - ఇవి పోయాయి, అంతే.

ఈ తేడా వాడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలావరకు తేరుకుంటాడు. చెప్పాలంటే ముందు ఆ కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

దాన్ని బయటపెట్టింది అమెరికాలో బొమ్మలు డిజైన్ చేసి, బొమ్మల గురించి వీడియోలు చేసే ఒకాయన. తనకు జో రాంఫ్ట్ చెప్పాడన్నాడు. రాంఫ్ట్ అంటే ఎవరో అనామకుడు కాదు, మొదటి సినిమాకి కథా విభాగం పెద్ద. రెండో సినిమాలో గొంతు పోయి, దుమ్ముపట్టిన అల్మరాలో పడివుండే పెంగ్విన్ బొమ్మ ఉంటుంది, వీజీ అని. దానికి మాటలు చెప్పింది ఆయనే. కానీ పాపం 2005 ఆగస్టులో కారు ప్రమాదంలో పోయారు. ఆయన చెప్పాడన్న కథ లోకానికి తెలిసింది పన్నెండేళ్ళ తర్వాత. ఔనా కాదా అని అడుగుదామంటే మనిషి లేడు. ఆయనతో కలిసి పనిచేసిన వాళ్ళేమో కాదంటున్నారు.

కథ స్థూలంగా ఇదీ. ఆండీ తండ్రి పేరు కూడా ఆండీయే. చిన్నప్పుడు పోలియో వచ్చింది. అంటుకుంటుందన్న భయంతో అతని వస్తువులు తగలబెట్టేస్తుంటే కొన్ని బొమ్మలు మాత్రం దక్కాయి. వాటిని ఒక పెట్టెలో దాచిపెట్టారు. పెద్దయ్యాక ఆ జబ్బు ప్రభావం మళ్ళీ తిరగబెట్టింది, పోయే ముందు కొడుక్కి ఆ పెట్టె తాళంచెవి ఇచ్చాడు. పెట్టె తెరిస్తే కళ్ళు విప్పిన ఉడీకి ఎదురుగా ఉన్నది వేరే ఆండీ అని తెలియదు, తన ఆండీయే అనుకున్నాడు. నాకూ మొదటిసారి చదివినప్పుడు గొంతు పట్టేసింది. మీ బాబుకి ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

ఇంతమంది ఎందుకు నమ్మారంటే అందులో కలిపిన నిజాలు చాలా గట్టివి. 1950ల మొదట్లో అమెరికా తల్లిదండ్రులు వేసవి వచ్చిందంటే పోలియోకి హడలిపోయేవారు. సాల్క్ టీకా 1955లో వచ్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి తగ్గినవాళ్ళకి కొన్ని దశాబ్దాల తర్వాత కండరాల బలహీనత రావడం కూడా వైద్యులకు తెలిసిన సంగతే. ఇక మీ బాబుకి పోలియో అంటే నోట్లో వేసే రెండు చుక్కలు, అంతేగా. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, అప్పటికి వాడు పుట్టనే లేదు.

సినిమాలో కూడా దీనికి ఊతం దొరుకుతుంది. రెండో సినిమాలో పాత సామాన్లు అమ్మే చోట బొమ్మల వ్యాపారి ఆల్ ఉడీని కొనబోతే, ఆండీ తల్లి ఇది మా కుటుంబంలో పాతకాలం నుంచి ఉన్న బొమ్మ, అమ్మం అంటుంది. గుర్తుందా? ఆ ఒక్క మాట మీద ఎన్ని థియరీలు లేచాయో లెక్కలేదు. ఉడీ పేరుతో పాతకాలం టీవీ షో ఒకటి వచ్చేదనీ, స్పుత్నిక్ ఎగిరాక పిల్లలంతా అంతరిక్షం బొమ్మలకి ఎగబడటంతో అది ఆగిపోయిందనీ అదే సినిమాలో ప్రాస్పెక్టర్ అనే ముసలి బొమ్మ చెబుతాడు. స్పుత్నిక్ ఎగిరింది 1957లో. అంటే ఉడీ ఆండీ కంటే చాలా పెద్దవాడు, ఆండీకి ముందు ఎవరో ఒకరి దగ్గర ఉండి ఉంటాడు. ఇది ఊహ కాదు, సినిమా చెప్పిన దాన్నిబట్టి తేలే సంగతి. ఎవరి దగ్గర అన్నదే తెలియదు.

ఇప్పుడు నాకు భలే ఇష్టమైన చిక్కు ఒకటి చెబుతాను. ఆ పెట్టెలో ఉన్నవి మూడు బొమ్మలట: ఉడీ, స్ప్రింగు కుక్క స్లింకీ, బంగాళదుంప ముఖం పొటాటో హెడ్. స్లింకీ కుక్క 1952లో వచ్చింది, సరిపోయింది. పొటాటో హెడ్ కూడా 1952లోనే వచ్చింది. కానీ అప్పట్లో ఆ డబ్బాలో దుంప ఉండేది కాదు! కళ్ళు, చెవులు, ముక్కులు, మీసాలు మాత్రమే ఇచ్చేవారు. వాటిని వంటింట్లోని నిజం బంగాళదుంపకి గుచ్చుకోవాలి. ప్లాస్టిక్ దుంప వచ్చింది 1964లో. సినిమాలో ఉన్నది ఆ ప్లాస్టిక్ దుంపే. పోలియో రోజుల్లో ఒక పిల్లాడు ఆ బొమ్మని పెట్టెలో దాచి తాళం వేసి ఉంటే, కొడుకు తెరిచేసరికి మిగిలేది మొలకలొచ్చి ఎండిపోయిన దుంప. ఇది మీరు చెప్పేయకండి. "పొటాటో హెడ్ ఎప్పుడు పుట్టిందో చూడరా" అని మాత్రం అనండి. వాడంతట వాడు కనుక్కుంటే అన్నయ్య ఫోన్ చూపించి కాదన్నప్పుడు కలిగిన అవమానం ఉండదు, కేసు ఛేదించిన పోలీసులా తిరుగుతాడు.

ఈ పోలియో కథని నేను అసలు థియరీ అనను. థియరీ అంటే సినిమా ఆపి ఆపి చూసి, మనకు మనమే సరిచూసుకోగలిగేది. ఇది 'ఫలానా ఆయన నాతో అన్నాడు' అనే బాపతు. నమ్మాలి, లేదా మానాలి. మన చేతుల్లో ఏమీ ఉండదు.

అసలైన థియరీ ఎలా ఉంటుందో తెలియాలంటే ఎమిలీ సంగతి చూడండి. రెండో సినిమాలో జెస్సీ అనే కౌబాయ్ పిల్ల బొమ్మ తన పాత యజమానురాలు ఎమిలీని తలుచుకుంటుంది. మాటలుండవు, ఒక్క పాట. ఆ పిల్ల పెద్దదవుతుంది, జెస్సీ మంచం కింద పడిపోతుంది, చివరికి విరాళాల డబ్బాలో తేలుతుంది. ఆ ఎమిలీయే పెరిగి ఆండీ తల్లి అయిందని ఒక థియరీ. జాన్ నెగ్రోనీ అనే అమెరికన్ రాశాక బాగా పాకింది. ఆధారం ఏమిటంటే టోపీ. ఆండీకి ఉడీ అంటే అంత పిచ్చి కదా, మరి వాడి తలమీద టోపీ ఉడీ టోపీలా గోధుమరంగులో ఉండాలి. ఉండదు. ఎర్రగా ఉంటుంది, జెస్సీ టోపీలాగా. పాటలో ఎమిలీ పెట్టుకున్నదీ అలాంటిదే. అంటే తల్లి తన చిన్ననాటి టోపీని కొడుక్కి ఇచ్చిందన్నమాట.

బాగుంది కదూ? రిమోట్ పట్టుకుని మీరూ చూడొచ్చు. దీని మీద అభ్యంతరాలూ సినిమాలోనే దొరుకుతాయి. చివర్లో జెస్సీ ఆండీ ఇంటికి చేరుతుంది. వాడు శిబిరం నుంచి వచ్చి కొత్త బొమ్మలని గంతులేసి అమ్మకి థ్యాంక్స్ చెబుతాడు. తను కొనని బొమ్మ ఇంట్లోకి ఎలా వచ్చిందని ఆ తల్లి ఆశ్చర్యపోదు. పదేళ్ళు పక్కలో పడుకోబెట్టుకున్న బొమ్మైతే గుర్తుపట్టదా? ఆండీ దానికి 'బజూకా జేన్' అని సొంత పేరు పెట్టుకుంటాడు, అసలు పేరు చెప్పేవాళ్ళే లేనట్టు. అటు జెస్సీ కూడా ఆమెను చూసి ఉలిక్కిపడదు. నా ఓటు అడిగితే ఈ థియరీ నిలవదు. కానీ దీన్ని అల్లినవాళ్ళు సినిమాని కళ్ళు పెట్టి చూశారు, అందుకే గౌరవం. మీ బాబు ఇటువైపు వాదిస్తే మీరు అటువైపు వాదించండి.

మరి అసలు ఆండీకి నాన్నని ఎందుకు పెట్టలేదు? దీనికి జవాబు కథలో కంటే కంప్యూటర్లలో ఎక్కువగా ఉంది. పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా అది. అప్పట్లో ప్లాస్టిక్ బొమ్మని తెరమీద నమ్మించడం తేలిక, మనిషి చర్మం, జుట్టు, బట్టల ముడతలు నమ్మించడం నరకం. 117 కంప్యూటర్లు రాత్రింబవళ్ళు పనిచేశాయి, మొత్తం 8 లక్షల మెషీన్ గంటలు పట్టిందంటారు. మనిషి పాత్ర ఒకటి పెరిగితే ఖర్చూ పనీ పెరుగుతాయి. అందుకే పెద్దవాళ్ళు కాళ్ళు, చేతులు, వీపులుగానే ఎక్కువ కనిపిస్తారు. ఆండీ పుట్టినరోజుకి వచ్చిన పిల్లల్ని ఈసారి చూడండి, ఆండీ ముఖాన్నే అటూఇటూ మార్చి పెట్టినట్టు ఉంటారు. కథకి అవసరం లేని తండ్రిని తయారుచేసే తీరిక అప్పుడు ఎవరికుంది?

ఇది వాడికి చెప్పొచ్చా? నిస్సంకోచంగా చెప్పండి. పదకొండేళ్ళ పిల్లలకి సినిమా ఎలా తీశారన్నది కథంత ఇష్టంగా ఉంటుంది. అయితే "అంతేరా, ఇంకేం లేదు" అని ముగించకండి. కంప్యూటర్ కారణం సినిమా తీసినవాళ్ళది. ఆ ఇంట్లో తల్లి ఒక్కతే ఇద్దరు పిల్లల్ని, చంటిపిల్ల మాలీని చంకనేసుకుని, ఇల్లు మారుతూ సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది. ఆ దృశ్యం మీ బాబుకి ఎలా కనిపిస్తుందో వాడికే తెలుసు. మీకూ తెలుసు.

ఇక మీ మొదటి ప్రశ్న. కథ నిజమేనని చెప్పేయనా అన్నారు. వద్దు. వాడికి ఫోను ఉంది, అన్నయ్య ఉన్నాడు, మీరు చెప్పింది వారంలో తప్పని తేలుతుంది. అప్పుడు పోయేది ఆండీ కథ మీద నమ్మకం కాదు, మీ మాట మీద నమ్మకం. మూడో సినిమాలో లాట్సో చేసింది ఇదే కదా. స్ట్రాబెర్రీ వాసన వచ్చే ఎలుగుబంటి. డైసీ అనే పిల్ల దారిలో మర్చిపోయిన మూడు బొమ్మలు కష్టపడి ఇల్లు చేరేసరికి ఆ పిల్ల చేతిలో మరో లాట్సో ఉంటుంది. మార్చేసింది లాట్సో ఒక్కణ్ణే. కానీ మన ముగ్గురినీ మర్చిపోయింది, నిన్నూ ప్రేమించడం లేదు అని పక్కనున్న పాపాయి బొమ్మకి నూరిపోస్తాడు. ఆ బొమ్మ ఆ గతాన్ని నమ్మి వాడి వెనకాల తిరుగుతుంది. అది అబద్ధమని తెలిసిన రోజు లాట్సోని ఎత్తి చెత్తడబ్బాలో పడేస్తుంది. మీ ఉద్దేశం లాట్సోది లాంటిది కాదని తెలుసు. అయినా గతం గురించి పిల్లలకి అబద్ధం చెబితే ఏమవుతుందో ఆ సినిమాలో మీ బాబు చాలాసార్లే చూసి ఉంటాడు.

బదులుగా ఏం చెప్పాలి? "పోలియో కథ ఎవరో అల్లింది నాన్నా. ఆండీ వాళ్ళ నాన్న సంగతి సినిమాలో చెప్పలేదు. నువ్వేమనుకుంటున్నావు?" అంతే. తర్వాత మీరు మాట్లాడకుండా ఉండగలగాలి. వాడు ఆండీ నాన్న గురించి మొదలుపెట్టి వాళ్ళ నాన్న దగ్గరికి రావచ్చు, రాకపోవచ్చు. మీరు లాక్కెళ్ళకండి.

ఒకటి గమనించారా, ఆ పోలియో కథలో మీ బాబుని పట్టుకున్నది జబ్బు కాదు. నాన్న ఆడుకున్న వస్తువు కొడుకు చేతికి రావడం. మీవారు చిన్నప్పుడు దేనితో ఆడుకునేవారో మీ బాబుకి తెలుసా? మీకైనా తెలుసా? మీ అత్తగారు ఉంటే ఆవిడ్ని అడగమని వాణ్ణి పంపండి. గోలీలా, బొంగరమా, సైకిల్ టైరా, అటకమీద ఏమైనా మిగిలాయా అని. నాయనమ్మలకి ఇలాంటివి అడిగేవాళ్ళుండరు గానీ అడిగితే చాలా ఉంటాయి. ఏమీ మిగలకపోయినా పర్వాలేదు, ఏది ఎలా పోయిందో చెబితే చాలు. మీ మరిదిగారు కూడా చెప్పగలరు, అన్నదమ్ములు దేనికోసం కొట్టుకున్నారో ఆయనకి గుర్తుండే ఉంటుంది.

మీరు రాసినదాన్నిబట్టి వాడు అలిగాడు, ఆలోచిస్తున్నాడు, అంతకుమించి నాకు భయమనిపించలేదు. కానీ నిద్ర, తిండి, స్కూలు దెబ్బతింటున్నా, ఎవరితోనూ కలవకుండా ఉంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి. నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడేంటి అనుకోవద్దు. ఏడేళ్ళప్పుడు అర్థంకానిది పదకొండేళ్ళకి అర్థమవుతుంది, దుఃఖం అప్పుడు కొత్తగా మొదలవుతుంది.

వీడియోలు ఆపాల్సిన పనిలేదు. ఒక్కడే చూడకుండా కొన్నిటికి మీరూ పక్కన కూర్చోండి, సరిపోతుంది. థియరీలన్నీ చెత్త అన్న అబ్బాయికి సిడ్ సంగతి గుర్తుచేయండి. మొదటి సినిమాలో బొమ్మల్ని చిత్రహింసలు పెట్టిన పక్కింటి సిడ్ లేడూ, మూడో సినిమాలో చెత్త ఎత్తుకెళ్ళే కుర్రాడు వాడేనని చాలామంది పసిగట్టారు. అదే పుర్రె బొమ్మ చొక్కా, గొంతు కూడా అదే నటుడిది. దర్శకుడు లీ అంక్రిచ్ అవునని ఒప్పుకున్నారు. కాబట్టి చెత్తలో కూడా ఒక్కోసారి నిజం దొరుకుతుంది!

అన్నట్టు, సినిమా తీసినవాళ్ళ మాటే వేదం అనుకోవాల్సిన అవసరమూ లేదు. మొదట్లో ఉడీని, పెదవులు కదపకుండా బొమ్మే మాట్లాడుతున్నట్టు నమ్మించే వెంట్రిలాక్విస్టు చేతిలోని బొమ్మగా అనుకున్నారు, ఒక దశలో ఎంత దుర్మార్గుడిగా రాశారంటే 1993 నవంబరులో చూసిన డిస్నీవాళ్ళు సినిమానే ఆపించారు. రెండో సినిమాలో విలన్ జర్గ్, అంతరిక్ష వీరుడి బొమ్మ బజ్‌తో నేను నీ తండ్రినంటాడు. 2022లో బజ్ మీద విడిగా తీసిన సినిమాలో జర్గ్ ముసుగు తీస్తే లోపల ఉన్నది ముసలి బజ్. రెండూ ఒకే కంపెనీవి. ఆండీ చిన్నప్పుడు చూసిన సినిమా అదేనని మొదట్లోనే అక్షరాలు వేసి మరీ చెప్పారు. అభిమానులు ఇప్పటికీ తలలు పట్టుకుంటున్నారు. మీ బాబుకీ మీ మరిది కొడుక్కీ ఈ ముడి కలిపి అప్పగించండి, ఇద్దరూ ఒక పక్షమవుతారు. ఆ అబ్బాయి పెద్ద మనసుతోనే చెప్పి ఉంటాడు, వాడికి బాబు మనసులో ఏముందో తెలియదు. విడిగా పిలిచి ఒక్కమాట చెప్పండి. తిట్టొద్దు.

నోట్‌బుక్ తీసి చదవకండి. వాడు లేనప్పుడు కూడా. బహుశా ఆండీ వాళ్ళ నాన్న ఏమయ్యాడో వాడే రాసుకుంటున్నాడేమో, కాకపోవచ్చు కూడా. దాచుకున్నాడంటే ఇంకా పూర్తవలేదని అర్థం. ఎప్పుడైనా తనంతట తాను తెచ్చి చూపిస్తే అక్షర దోషాలు దిద్దొద్దు, కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దు, ఎవరికీ ఫోటో తీసి పంపొద్దు. ఇది సినిమాలో ఎక్కడుందిరా అని కావాలంటే అడగండి. నేనే కల్పించాను అంటే, తర్వాత ఏమైందని అడగండి.